ఫెమ్టోసెకండ్ లేజర్‌తో పోస్ట్-అయనైజేషన్: మొదటి మంచి స్పెక్ట్రం దాకా ఎలా వెళ్లాలి

సిమ్స్ (సెకండరీ అయాన్ మాస్ స్పెక్ట్రోమెట్రీ: అయాన్ బీమ్‌తో ఉపరితలాన్ని కొట్టి, లేచిన అయాన్ల ద్రవ్యరాశి కొలిచే పద్ధతి) మెషిన్ మీద సేంద్రియ శాంపిళ్లు నడిపేవాళ్లందరికీ తెలిసిన బాధే ఇది. అయాన్ బీమ్ తగలగానే ఉపరితలం నుంచి అణువులు బోలెడు లేస్తాయి, కానీ వాటిలో చార్జ్‌తో బయటికొచ్చేవి వెయ్యికి ఒకటి కూడా ఉండవు, చాలా అణువుల విషయంలో పదివేలకు ఒకటి దొరికినా గొప్పే. మిగతావన్నీ తటస్థంగా ఎగిరిపోయి వాక్యూమ్ పంపు పాలవుతాయి. పైగా ఆ దొరికే కాస్త కూడా పక్కన ఏముందో దాన్ని బట్టి మారిపోతుంది. కణజాలంలో ఉప్పు ఎక్కువున్న చోట లిపిడ్ పీక్ పడిపోయిందంటే అక్కడ లిపిడ్ తక్కువుందని నమ్మకంగా చెప్పలేం, అది అయాన్‌గా మారకుండా ఉప్పు అడ్డుపడి ఉండొచ్చు.

పోస్ట్-అయనైజేషన్‌లో ఈ రెండు పనుల్నీ విడగొడతాం. అణువుల్ని లేపే పని అయాన్ బీమ్‌ది, వాటికి చార్జ్ ఇచ్చే పని లేజర్‌ది. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ అనే పరిశోధన సంస్థలో బెకర్, గిలెన్ 1984లోనే నానోసెకండ్ అతినీలలోహిత లేజర్లతో ఇది చేసి చూపించారు. లోహాలకు అది బాగా పనిచేసింది. సేంద్రియ అణువుల దగ్గరికొచ్చేసరికి నానోసెకన్లు అంటే చాలా ఎక్కువ సమయం: అణువు ఒక ఫోటాన్ మింగి, రెండోది వచ్చేలోపే ముక్కలైపోతుంది. 1985లో రోచెస్టర్‌లో స్ట్రిక్‌ల్యాండ్, మూరూ చర్ప్‌డ్ పల్స్ యాంప్లిఫికేషన్ (పల్స్‌ని ముందు సాగదీసి, బలం పెంచి, మళ్లీ కుదించే పద్ధతి) కనిపెట్టడంతో ఫెమ్టోసెకండ్ (సెకనులో 10⁻¹⁵ వంతు) పల్స్‌లోకి మిల్లీజౌళ్ల ఎనర్జీ పెట్టడం సాధ్యమైంది. వాళ్లకు 2018లో నోబెల్ వచ్చింది ఈ పనికే. తర్వాత పెన్ స్టేట్‌లో వినోగ్రాడ్ బృందం, జర్మనీలో వూహర్ బృందం ఈ పల్స్‌లను స్పటర్ అయిన (అయాన్ బీమ్ దెబ్బకి లేచిన) అణువుల మీద వాడి పద్ధతిని ఒక దారికి తెచ్చాయి.

నేను ఇక్కడ చెప్పేది టైమ్-ఆఫ్-ఫ్లైట్ స్పెక్ట్రోమీటర్ (అయాన్ డిటెక్టర్‌ని చేరే సమయాన్ని బట్టి ద్రవ్యరాశి చెప్పేది), పల్స్ చేయగల క్లస్టర్ అయాన్ గన్ (పరమాణువుల గుత్తుల్ని అయాన్లుగా కొట్టేది), కిలోహెర్ట్జ్ టైటానియం-సఫైర్ యాంప్లిఫయర్, వీలైతే ఒక ఓపీఏ (లేజర్ తరంగదైర్ఘ్యాన్ని మార్చే ఆప్టికల్ పారామెట్రిక్ యాంప్లిఫయర్) ఉన్న సెటప్ గురించి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం లాంటి చోట, గోపనపల్లి టీఐఎఫ్ఆర్‌లో ఫెమ్టోసెకండ్ లేజర్ల మీద చెయ్యి తిరిగినవాళ్లు ఉన్నారు. అలాంటి ల్యాబుల నుంచి వచ్చినవాళ్లకు లేజర్ సగం తెలిసే ఉంటుంది, టైమింగ్ సగం కొత్తగా ఉంటుంది. సిమ్స్ వైపు నుంచి వచ్చినవాళ్లకు దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఎటునుంచి వచ్చినా మొదటి రోజు నుంచే మనసులో పెట్టుకోవాల్సిన మాట ఒకటుంది: ఎనర్జీ మిగిలితే తీవ్రత పెంచొద్దు, ఆ వెలుతుర్ని పరచండి. కింద రాసిన చాలా నిర్ణయాలు దీన్నుంచే వస్తాయి.

కళ్లు, ముందు

ఇవి నాలుగో తరగతి లేజర్లు. 800 నానోమీటర్ల బీమ్ కాగితం మీద పడితే మసక ఎర్రగా కనపడుతుంది, అది చూసి బలహీనమైన బీమ్ అనుకుంటే కన్ను పోతుంది. ఓపీఏ నుంచి వచ్చే 1300 అసలు కనపడదు, అయినా రెటీనా దాకా కొంత వెళ్తుంది. కళ్లద్దాలు ఈ రెండు తరంగదైర్ఘ్యాలకూ సరిపోయేవి కావాలి. 800కి కొన్నవి 1300కి ఆపుతాయో లేదో అద్దం మీద రాసిన సంఖ్య చూసి తేల్చుకోండి, ఊహించొద్దు. ఉంగరం, వాచీ తీసేయండి. బీమ్ ఎత్తుకి తల వంచే అవసరం రాకుండా ఐఆర్ కార్డు (పరారుణ కాంతి పడితే వెలిగేది), కెమెరా వాడండి. ఛాంబర్‌లోకి వెళ్లిన బీమ్ ఎదురు కిటికీ నుంచి బయటికొచ్చి డంప్‌లో పడాలి. లోపల గోడకి తగిలితే అక్కడే ప్లాస్మా లేచి, మీ స్పెక్ట్రం నిండా చెత్త పీకులు వస్తాయి కాబట్టి ఇది భద్రతకీ, డేటాకీ రెండింటికీ పనికొచ్చే జాగ్రత్త.

ముందు కాగితం మీద లెక్క

లేజర్ ఆన్ చేసే ముందు తీవ్రత లెక్కేయండి. గాసియన్ బీమ్‌కి మధ్యలో ఉండే తీవ్రత అంటే శిఖర శక్తికి రెండింతల్ని, ఫోకస్ వ్యాసార్థపు వర్గాన్ని పై (π)తో గుణించి వచ్చినదానితో భాగించడమే. ఉదాహరణకి లెన్స్ మీద పడే బీమ్ వ్యాసార్థం 4 మిల్లీమీటర్లు, లెన్స్ ఫోకల్ దూరం 750 మిల్లీమీటర్లు, 800 నానోమీటర్లు అనుకుంటే ఫోకస్ వ్యాసార్థం 48 మైక్రాన్ల దగ్గర వస్తుంది. లెక్క సులువుగా ఉండటానికి 50 అనుకుందాం. పల్స్ 100 ఫెమ్టోసెకన్లు, ఎనర్జీ అర మిల్లీజౌల్. శిఖర శక్తి 4.7 గిగావాట్లు, తీవ్రత చదరపు సెంటీమీటరుకి సుమారు 1.2×10¹⁴ వాట్లు. చాలా సేంద్రియ అణువులకు ఇది చాలు, కొన్నిటికి ఎక్కువ కూడా.

ఈ లెక్కలో ఫోకస్ పొడవు కూడా రాసుకోండి. 50 మైక్రాన్ల ఫోకస్‌కి రేలీ పొడవు (బీమ్ పెద్దగా విప్పారకుండా సన్నగా ఉండే దూరం) దాదాపు 10 మిల్లీమీటర్లు. స్పెక్ట్రోమీటర్ అయాన్లను తీసుకునే ద్వారం ఒకట్రెండు మిల్లీమీటర్లే కాబట్టి ఆ ముక్కలో తీవ్రత బీమ్ పొడవునా దాదాపు ఒకటే ఉంటుంది. పొట్టి లెన్స్ పెట్టి చిన్న చుక్కలోకి కుదిస్తే తీవ్రత అద్భుతంగా వస్తుంది గానీ ఈ సౌకర్యం పోతుంది, పైగా ఆ సన్నటి గీతలో పడే అణువులెన్ని? అందుకే పొడుగు లెన్స్‌తోనే మొదలుపెట్టమంటాను.

కిటికీ సంగతి. ఫ్యూజ్డ్ సిలికా 6 మిల్లీమీటర్ల మందం ఉంటే 100 ఫెమ్టోసెకన్ల పల్స్‌కి పట్టదు, అదే 30 ఫెమ్టోసెకన్ల పల్స్ అయితే సాగి 36 అవుతుంది. అంత పొట్టి పల్స్ వాడేవాళ్లు కంప్రెసర్‌ని (యాంప్లిఫయర్‌లో పల్స్‌ని కుదించే భాగాన్ని) కిటికీతో కలిపే సరిచేసుకోవాలి. కోటింగ్ లేని కిటికీ ఒక్కో ముఖం దగ్గర 4 శాతం దాకా వెనక్కి కొడుతుంది, ఆ నష్టం లెక్కలో కలపండి. లెన్స్ కిటికీకి దగ్గరగా ఉండాలి, అప్పుడే కిటికీ మీద బీమ్ వెడల్పుగా ఉంటుంది. ఫోకస్‌కి దగ్గర్లో గాజు ఉంటే బీమ్ తనంతట తానే కుదించుకుపోయి ఆకారం పాడవుతుంది, ఒక్కోసారి కిటికీయే పగులుతుంది.

ఎనర్జీ తగ్గించడానికి హాఫ్-వేవ్ ప్లేటు, సన్నటి పోలరైజర్ వాడండి. యాంప్లిఫయర్ పంపు కరెంటు తగ్గించి ఎనర్జీ తగ్గిస్తే పల్స్ నిడివి, బీమ్ దిశ, ఆకారం అన్నీ కొద్దికొద్దిగా మారిపోతాయి, అప్పుడు గీసిన కర్వ్‌కి అర్థం ఉండదు.

తరంగదైర్ఘ్యం ఎందుకు పెంచాలి

చాలామంది 800 దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే అది యాంప్లిఫయర్ నుంచి నేరుగా వస్తుంది. ఆగొద్దు. 1964లో కెల్డిష్ రాసిన సిద్ధాంతం ప్రకారం బలమైన కాంతిలో అయనీకరణ రెండు రకాలుగా జరగొచ్చు: ఎలక్ట్రాన్ ఫోటాన్లను ఒకదాని మీద ఒకటి మింగుతూ పైకెక్కడం ఒకటి, కాంతి విద్యుత్ క్షేత్రం అణువు గోడనే వంచేస్తే సొరంగంలోంచి బయటికి జారిపోవడం రెండోది. ఏది ఎక్కువన్నది గామా అనే సంఖ్య చెబుతుంది. అయనీకరణ ఎనర్జీని పాండెరోమోటివ్ ఎనర్జీకి (కాంతి క్షేత్రంలో ఊగే ఎలక్ట్రాన్‌కి ఉండే సగటు ఎనర్జీకి) రెండింతలతో భాగించి వర్గమూలం తీస్తే గామా. ఒకటికంటే బాగా ఎక్కువైతే ఫోటాన్ల దారి, బాగా తక్కువైతే సొరంగం దారి.

పాండెరోమోటివ్ ఎనర్జీ తరంగదైర్ఘ్యపు వర్గంతో పెరుగుతుంది, అసలు కిటుకు ఇక్కడుంది. 10¹⁴ తీవ్రత దగ్గర 800 నానోమీటర్లకు అది 6 ఎలక్ట్రాన్ వోల్టులు, 1300కి దాదాపు 16, 1500కి 21. అయనీకరణ ఎనర్జీ 9 ఎలక్ట్రాన్ వోల్టులున్న అణువు తీసుకుంటే గామా 800 దగ్గర 0.87, 1500 దగ్గర 0.46. అంటే తీవ్రత పెంచకుండానే సొరంగం వైపు జరిగాం. దీనికి తోడు ఇంకో లాభం: ఎలక్ట్రాన్ పోయిన తర్వాత మిగిలే అయాన్లు చాలావరకు 800 పరిసరాల్లో కాంతిని బాగా పీల్చుకుంటాయి, అదే పల్స్‌లో ఇంకో ఫోటాన్ మింగి ముక్కలవుతాయి. 1300 దాటితే ఆ పీల్చుకోవడం చాలా అణువుల్లో తగ్గుతుంది. పెద్ద అణువుల పూర్తి అయాన్ చూడాలంటే ఓపీఏ కోసం పెట్టే ఖర్చు, శ్రమ దండగ కాదని నా గట్టి అభిప్రాయం.

ఓపీఏతో రెండు జాగ్రత్తలు. మొదటిది, ఫోకస్ తరంగదైర్ఘ్యంతో పాటు పెరుగుతుంది. ఇందాకటి 750 లెన్స్‌తోనే 1300కి వెళ్తే చుక్క వ్యాసార్థం 78 మైక్రాన్లవుతుంది, తీవ్రత రెండున్నర రెట్లకు పైగా పడిపోతుంది. ‘1300 పనిచేయట్లేదు’ అని తీసి పక్కన పెట్టేసేవాళ్లు చాలాసార్లు ఈ లెక్క చూసుకోరు. 500 మిల్లీమీటర్ల లెన్స్‌కి మారితే మళ్లీ 52 మైక్రాన్ల దగ్గరికొస్తుంది. రెండోది, ఓపీఏ నుంచి 1300 ఒక్కటే రాదు. 2080 దగ్గర ఐడ్లర్ (1300తో జంటగా పుట్టే కాంతి), మిగిలిపోయిన 800, ఇవి కాక క్రిస్టల్లో పుట్టే 650 ఎరుపు, 495 ఆకుపచ్చ కూడా వస్తాయి. ఆ ఆకుపచ్చ కంటికి కనపడుతుంది కదా అని దాంతో బీమ్ దారి సరిచేయడం పెద్ద పొరపాటు, అది 1300తో ఒకే దిశలో పోతుందన్న నమ్మకం లేదు. డైక్రోయిక్ అద్దాలతో (కొన్ని తరంగదైర్ఘ్యాల్నే తిప్పే అద్దాలతో), లాంగ్-పాస్ ఫిల్టర్‌తో మిగతావన్నీ తీసేశాకే పవర్ కొలవండి. కాస్త 495 మిగిలినా దాని ఫోటాన్ ఎనర్జీ 2.5 ఎలక్ట్రాన్ వోల్టులు, అణువుల్ని విరగ్గొట్టడానికి అది చాలు.

బీమ్‌ని శాంపిల్ మీదుగా తీసుకెళ్లడం

ఇక్కడే ఎక్కువ సమయం పోతుంది, పోనివ్వండి. యాంప్లిఫయర్ వేడెక్కి స్థిరపడేదాకా ఆగండి, గదిలో ఏసీ నిలకడగా ఉందో చూడండి. ముందు కిటికీకి బయటే ఒక మడత అద్దం పెట్టి, బీమ్‌ని బాగా తగ్గించి, అదే దూరంలో, అలాంటి కిటికీ ముక్క గుండా పంపి కెమెరా మీద ఫోకస్ చూసుకోండి. గుండ్రంగా ఉందా, వ్యాసార్థం లెక్కకి సరిపోయిందా అని. కోడిగుడ్డు ఆకారంలో ఉంటే లెన్స్ వంకరగా ఉన్నట్టే.

తర్వాత ఎత్తు. ఎనర్జీని శాంపిల్‌కి ఏమీ కానంత తక్కువకి దించి, బయటికొచ్చే బీమ్‌ని పవర్ మీటర్ మీద చూస్తూ, బీమ్‌ని మెల్లగా శాంపిల్ వైపు జరపండి. మీటర్ రీడింగ్ సగానికి పడిన చోట బీమ్ మధ్యభాగం సరిగ్గా ఉపరితలం అంచున ఉందన్నమాట. స్టేజ్ వంగి ఉంటే ఒక మూల ముందే తగులుతుంది, కాబట్టి శాంపిల్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పి చూసి, రీడింగ్ సగం పడే స్థానం ఎక్కువగా మారుతోంటే ముందు ఆ వంపు సరిచేయండి. అక్కణ్నుంచి మైక్రోమీటర్‌తో అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు దూరం జరపండి. ఇంకా దగ్గరికి తెస్తే సిగ్నల్ పెరుగుతుంది నిజమే, కానీ బీమ్ అంచు తోకలు ఉపరితలాన్ని గీరడం మొదలుపెడితే లేజరే శాంపిల్‌ని లేపేస్తుంది, అయాన్ బీమ్ చేసిన పనేదో లేజర్ చేసిన పనేదో తెలియకుండా పోతుంది.

పక్కకి సరిచేయడానికి గ్యాస్ వాడండి. ఛాంబర్‌లోకి సన్నటి లీక్ వాల్వ్‌తో జినాన్‌ని 10⁻⁷ మిల్లీబార్ల పీడనం దాకా వదిలి, అయాన్ గన్ ఆపేసి, లేజర్ ఒక్కటే పెట్టి జినాన్ పీక్ గరిష్ఠమయ్యేలా లెన్స్‌ని మూడు దిశల్లో కదపండి. జినాన్‌తో ఇంకో పెద్ద ఉపయోగం తీవ్రత కొలవడం. ఎనర్జీ మారుస్తూ జినాన్ సిగ్నల్‌ని ఎనర్జీ లాగరిథమ్ మీద గీస్తే పైన ఒక సరళరేఖ వస్తుంది, దాన్ని కిందికి పొడిగిస్తే సున్నాని తాకే చోటు సంతృప్త తీవ్రత (ఫోకస్ మధ్యలో ఉన్నవి దాదాపు అన్నీ అయాన్లైపోయే తీవ్రత). ఒట్టావాలో హ్యాంకిన్, కార్కమ్ వాళ్లు సేంద్రియ అణువులకు వాడిన దారి ఇదే, 800 దగ్గర జినాన్‌కి అది సుమారు 10¹⁴ ఉంటుంది. మీ లెక్క, జినాన్ చెప్పింది రెండూ రెండింతల్లోపు కలిస్తే సంతోషించండి. అంతకంటే తేడా ఉంటే పల్స్ నిడివి మళ్లీ కొలవండి, దోషం తరచుగా అక్కడే దొరుకుతుంది.

టైమింగ్

మాస్టర్ క్లాక్ లేజరే అవ్వాలి, ఎందుకంటే యాంప్లిఫయర్‌కి నిలకడైన లయ కావాలి, మిగతావన్నీ దానికి తగ్గట్టు సర్దుకోగలవు. చిక్కేంటంటే అయాన్ పల్స్ లేజర్ కంటే ముందు బయల్దేరాలి. దానికి యాంప్లిఫయర్ ముందుగా ఇచ్చే ట్రిగ్గర్ వాడండి, అది చాలకపోతే వెనకటి పల్స్ నుంచి మిల్లీసెకనుకి కొంచెం తక్కువ ఆలస్యం పెట్టండి.

ఎంత ముందు? 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల సీ-60 (60 కార్బన్ పరమాణువుల బంతి) అయాన్ సెకనుకి 73 కిలోమీటర్ల వేగంతో పోతుంది, గన్ నుంచి శాంపిల్‌కి 30 సెంటీమీటర్లుంటే దానికి 4 మైక్రోసెకన్లు చాలు. అదే ఎనర్జీతో 2000 పరమాణువుల ఆర్గాన్ క్లస్టర్ అయితే సెకనుకి 7 కిలోమీటర్లే, అదే దూరానికి 43 మైక్రోసెకన్లు పడుతుంది. క్లస్టర్ సైజు మార్చి ఆలస్యం మార్చకపోతే లేజర్ ఖాళీ వాక్యూమ్‌ని వెలిగిస్తూ ఉంటుంది. సైజు మార్చిన ప్రతిసారీ ఆలస్యాన్ని మార్చుకుంటూ సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో మళ్లీ వెతకాల్సిందే.

శాంపిల్ నుంచి లేచాక అణువులు సెకనుకి కొన్ని వందల మీటర్ల వేగంతోనే కదులుతాయి. 500 మీటర్ల వేగమున్న అణువు ఒక మిల్లీమీటరు ఎత్తుకి రావడానికి 2 మైక్రోసెకన్లు. నిదానంగా వచ్చేవీ, వేగంగా వచ్చేవీ ఒకేసారి బీమ్ ముందు ఉండాలంటే అయాన్ పల్స్ కొన్ని మైక్రోసెకన్ల పొడవు ఉండాలి. సిమ్స్‌కి అలవాటైన నానోసెకండ్ పల్స్‌తో ఇక్కడ చాలా తక్కువ దొరుకుతుంది. పల్స్ పొడుగైతే మాస్ రిజల్యూషన్ పోతుందేమో అని భయపడక్కర్లేదు, ఎందుకంటే ఇప్పుడు కాలం లెక్క మొదలయ్యేది అయాన్ పల్స్‌తో కాదు, లేజర్‌తోనో, దాని వెనకాలే వచ్చే ఎక్‌స్ట్రాక్షన్ వోల్టేజ్‌తోనో. పద్ధతి ఇలా: శాంపిల్‌ని గ్రౌండ్‌లో ఉంచి అణువుల్ని తేలనివ్వండి, లేజర్ పడగానే శాంపిల్ మీద రెండు కిలోవోల్టుల వరకు పాజిటివ్ వోల్టేజ్ పల్స్ వేయండి.

సెకండరీ అయాన్లు (అయాన్ బీమ్ తగిలినప్పుడే చార్జ్‌తో లేచినవి) మాత్రం ఇందులో కలవకూడదు. రిఫ్లెక్ట్రాన్ (అయాన్లను వెనక్కి తిప్పే విద్యుత్ అద్దం) ఉన్నవాళ్లకు చక్కటి ఉపాయముంది. ఉపరితలం దగ్గర పుట్టిన అయాన్లకు లేజర్ దారిలో పుట్టిన వాటికంటే పొటెన్షియల్ ఎక్కువుంటుంది కాబట్టి, రిఫ్లెక్ట్రాన్ వెనక గ్రిడ్ వోల్టేజ్‌ని ఆ రెండింటి మధ్యలో పెడితే ఉపరితల అయాన్లు దాన్ని దాటి పోతాయి, లేజర్ అయాన్లు మాత్రమే తిరిగి డిటెక్టర్‌కి వస్తాయి.

మొదటి శాంపిల్ ఇండియం, రెండోది గ్వానిన్

నేరుగా మెదడు కోత పెట్టి కూర్చోవద్దు. ఇండియం రేకు పెట్టండి. అయనీకరణ ఎనర్జీ 5.8 ఎలక్ట్రాన్ వోల్టులే, తేలిగ్గా అయాన్ అవుతుంది, మెత్తటి లోహం కాబట్టి హోల్డర్‌లో నొక్కి పెట్టొచ్చు. పైనున్న ఆక్సైడ్‌ని ముందు ఆపకుండా అయాన్ బీమ్ కొట్టి తీసేయండి. ఆలస్యం, ఎత్తు, వోల్టేజ్ అన్నీ దీని మీదే సరిచేయండి. ఇండియంతో డిటెక్టర్ పరీక్ష కూడా అయిపోతుంది: 115 ఐసోటోప్ దాదాపు 96 శాతం, 113 కేవలం 4 శాతం పైచిలుకు, అంటే ఒకటికి ఇరవై రెండు. మీ స్పెక్ట్రంలో ఒకటికి పదో పన్నెండో వస్తోందంటే 115 పీక్ డిటెక్టర్‌ని ముంచేస్తోందని అర్థం, సిగ్నల్ తగ్గించండి.

సేంద్రియ అణువుల్లో మొదట గ్వానిన్ పెట్టమంటాను. వాక్యూమ్‌లో వేడిచేస్తే పాడవకుండా ఆవిరై సిలికాన్ ముక్క మీద చక్కగా పొరలా కూర్చుంటుంది, ద్రవ్యరాశి 151. మామూలు సిమ్స్‌లో అది హైడ్రోజన్ అంటించుకుని 152 దగ్గర కనపడుతుంది. లేజర్ ఎలక్ట్రాన్ తీసేస్తే 151 దగ్గరే కనపడుతుంది. గ్వానిన్‌లో కార్బన్, నైట్రోజన్ ఐసోటోపుల వల్ల 152 దగ్గర 151లో ఏడు శాతం ఎత్తు పీక్ ఎలాగూ ఉంటుంది. అంతకంటే బాగా ఎక్కువుంటే సెకండరీ అయాన్లు దూరుతున్నాయేమో ముందు చూడండి, అవి కాకపోతే ఉపరితలం మీదే హైడ్రోజన్ కలిసిన అణువులు లేస్తున్నాయేమో ఆలోచించండి. ఈ రెండు పీకుల పక్కపక్కన నిలబడే తీరు చూస్తేనే సెటప్ ఎంత శుభ్రంగా నడుస్తోందో తెలిసిపోతుంది.

ప్రతి శాంపిల్‌కీ నాలుగు స్పెక్ట్రాలు తీయండి: రెండూ ఆన్, లేజర్ ఒక్కటే, అయాన్ బీమ్ ఒక్కటే, రెండూ ఆఫ్. లేజర్ ఒక్కటే ఉన్నప్పుడు 18 దగ్గర నీరు, 28 దగ్గర నైట్రోజన్, పంపు నూనె ఉంటే దాని హైడ్రోకార్బన్ ముక్కలు కనపడతాయి. ఇది మీ ఛాంబర్ గాలి, శాంపిల్ కాదు. రెండూ ఆన్ ఉన్నదాంట్లోంచి విడివిడిగా తీసినవి తీసేస్తే మిగిలేదే పోస్ట్-అయనైజేషన్ సిగ్నల్. టైమ్ లేదని ఈ నాలుగూ తీయకుండా వెళ్లిన డేటాని నేనైతే నమ్మను.

ఎంత తీవ్రత చాలు

ఇప్పుడు గ్వానిన్ మీదే ఎనర్జీ మెల్లగా పెంచుతూ 151 పీక్‌నీ, ముక్కల పీకులనీ విడివిడిగా లాగ్-లాగ్ గ్రాఫ్ మీద గీయండి. మొదట సిగ్నల్ నిటారుగా ఎక్కుతుంది, ఒక చోట వంగుతుంది. ఆ వంపు దగ్గర ఫోకస్ మధ్యలో ఉన్న అణువులన్నీ అయాన్లయిపోయాయి. మోసం ఆ తర్వాతే మొదలవుతుంది. వంపు దాటాక కూడా సిగ్నల్ ఆగదు, ఫోకస్ మొత్తాన్నీ డిటెక్టర్ చూస్తుంటే తీవ్రతకి ఒకటిన్నర ఘాతంతో పెరుగుతూనే ఉంటుంది. పెరుగుతోంది కదా అని ఇంకా పెంచుతారు. కానీ ఆ పెరుగుదల అణువుల్ని బాగా అయనీకరించడం వల్ల రావట్లేదు, అంచుల్లో కొత్త అణువులు చేరడం వల్ల వస్తోంది, అదే సమయంలో మధ్యలో ఉన్నవి రెండో ఎలక్ట్రాన్ కూడా కోల్పోయి పేలిపోతున్నాయి.

ఎక్కువైందని స్పెక్ట్రమే చెబుతుంది. స్పెక్ట్రం చూపేది ద్రవ్యరాశిని చార్జ్‌తో భాగించిన సంఖ్య కాబట్టి 75.5 దగ్గర పీక్ మొలిస్తే అది రెండు చార్జ్‌లున్న గ్వానిన్. 1 దగ్గర హైడ్రోజన్, 12 దగ్గర కార్బన్ అయాన్లు పెరుగుతుంటాయి. చిన్న ముక్కల పీకులు వెడల్పై, ఒక్కోసారి రెండుగా చీలినట్టు కనపడితే ఆ ముక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పుట్టాయన్నమాట. వీటిలో ఏది కనపడినా వంపు దగ్గరికి వెనక్కి రండి.

వెనక్కి వచ్చాక చేతిలో ఎనర్జీ మిగిలితే అప్పుడు పరచండి. సిలిండ్రికల్ లెన్స్ జత చేసి గుండ్రటి ఫోకస్‌ని శాంపిల్ నుంచి దూరంగా పోయే దిశలో సాగదీస్తే, వేర్వేరు వేగాల అణువులు ఎక్కువ పడతాయి. మడిలో ఒకే మూల నీళ్లు నింపేకన్నా గట్టు తెగ్గొట్టి అంతటా పారించినట్టు. తీవ్రత వంపు దగ్గరే ఉంటుంది, అయాన్ల సంఖ్య పెరుగుతుంది, ముక్కల నిష్పత్తి మారదు. ఇందుకోసమైనా లేజర్ ఎనర్జీ ఎక్కువ ఉండటం మంచిదే.

ముక్కలన్నిటికీ లేజర్‌నే తప్పుపట్టకండి. స్పటర్ అయిన అణువు బయటికి రావడమే వేడిగా వస్తుంది, అలాంటిది కాస్త కదిలించినా విరుగుతుంది. ముక్కల నిష్పత్తి తీవ్రతతో మారకుండా అలాగే ఉంటే దోషం అయాన్ బీమ్ వైపు వెతకండి. సీ-60 నుంచి పెద్ద ఆర్గాన్ క్లస్టర్‌కి మారడం, శాంపిల్‌ని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచడం రెండూ సాయపడతాయి. అదే అణువుని ఆవిరిగా ఛాంబర్‌లోకి పంపి, లేజర్ ఒక్కదానితో స్పెక్ట్రం తీసి పోల్చుకుంటే ఏ ముక్కలు లేజర్ చేసినవో, ఏవి స్పటరింగ్ తెచ్చినవో విడిపోతాయి. గ్వానిన్ లాంటి ఆవిరయ్యే అణువులకు ఈ పోలిక తప్పకుండా చేయండి.

ఇమేజింగ్‌కి వెళ్లేటప్పుడు

సమయం లెక్కేసుకోండి. 256×256 పిక్సెళ్లంటే 65,536. పిక్సెల్‌కి వంద షాట్లు, లేజర్ 1 కిలోహెర్ట్జ్ అయితే గంటా యాభై నిమిషాలు. అంతసేపు బీమ్ దిశ కదలకూడదు. 750 లెన్స్‌తో 10 మైక్రోరేడియన్లు ఊగితే ఫోకస్ ఏడున్నర మైక్రాన్లు జరుగుతుంది, అది పర్వాలేదు. యాభై, అరవై ఊగితే ఫోకస్ దాని వ్యాసార్థమంత పక్కకి పోతుంది, చిత్రంలో పై భాగం ఒక రకంగా, కింది భాగం ఒక రకంగా వస్తుంది, దాన్ని శాంపిల్‌లోని తేడా అనుకుని రాసేసే ప్రమాదముంది. అందుకే జినాన్‌ని కొద్దిగా వదిలే ఉంచి, ప్రతి పిక్సెల్‌లో దాని పీక్ కూడా రికార్డు చేయండి. జినాన్ పీక్ నిలకడగా ఉంటే లేజర్ నిలకడగా ఉన్నట్టే. అది పడిపోతే రన్ ఆపి బీమ్ సరిచేసుకుని మళ్లీ మొదలుపెట్టండి. జినాన్‌తో భాగించి డేటాని బాగుచేద్దామనుకోవద్దు, ఎందుకంటే జినాన్ అయనీకరణ ఎనర్జీ 12 ఎలక్ట్రాన్ వోల్టులు పైనే, మీ అణువుది ఎనిమిదో తొమ్మిదో. తీవ్రత తగ్గితే రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గవు.

పదుల కిలోహెర్ట్జ్‌తో నడిచే యిటర్బియం లేజర్లు వచ్చాక ఈ గంటలు తగ్గించుకోవచ్చు, కానీ భారీ అయాన్ డిటెక్టర్‌ని చేరడానికి యాభై, వంద మైక్రోసెకన్లు పట్టే స్పెక్ట్రోమీటర్‌లో 10 లేదా 20 కిలోహెర్ట్జ్ దాటి లాభం లేదు. పల్స్‌కి దొరికే ఎనర్జీ కూడా తగ్గుతుంది కాబట్టి కొనే ముందు ఆ తగ్గిన ఎనర్జీతో మీకు కావాల్సిన తరంగదైర్ఘ్యం దగ్గర, మీ లెన్స్‌తో ఎంత తీవ్రత వస్తుందో పైన చెప్పిన లెక్కే మళ్లీ వేసి చూసుకోండి.